రాత్రి పదిహేడు, పత్రిక పద్దెనిమిది

నాంపల్లి కోర్టులో మెజిస్ట్రేటుగారి ముందు బల్లమీద ఎర్రగుడ్డ కట్ట విప్పాను. టెలిప్రింటరు కాగితాలు, సిరాతో దిద్దిన ప్రూఫులు, జిల్లాల విలేకరులు పంపిన రాతప్రతులు ఒక్కొక్కటే తీసి పక్కన పేర్చాను. అన్నిటికన్నా అడుగున పెట్టే అట్ట కూడా బయటికొచ్చింది. యాదగిరి రాసిన వార్త అందులో లేదు.

కట్టకున్న చీటీమీద ఫిబ్రవరి పదిహేడు అని ఉంది. కోర్టువారి సమనులోనూ ఫిబ్రవరి పదిహేడు కట్ట తెమ్మనే ఉంది. రెండూ చక్కగా కలిశాయి. కాగితమే లేదు.

యాదగిరి నా వెనకాలే నిలబడి ఉన్నాడు. భువనగిరి వైపు మా పత్రికకు విలేకరి. నా చెవి దగ్గరికి వంగి, "అన్నా, జర మళ్ల సూడు. నీలం సిరాతోని రాసిన. ఎనక సంతకాలున్నయి" అన్నాడు. మళ్లీ చూశాను. అవతలి వకీలు ఏమీ తొందరపడలేదు. కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకుని, "హుజూర్, అసలు జరగనే జరగని మీటింగుకు కాయితం ఎక్కడికెల్లి వస్తది?" అన్నాడు. హాల్లో నలుగురూ నవ్వారు. మెజిస్ట్రేటుగారు గడియారం చూసి, భోజనం తరవాత కేసు మళ్లీ పిలుస్తామని, కాగితం ఉంటే ఆలోపల తెచ్చుకోమని చెప్పి లేచారు.

తెచ్చుకోలేకపోతే యాదగిరి ఉద్యోగం ఆ సాయంత్రంతో సరి. మా మేనేజరుగారు ఆ మాట అతని మొహమ్మీదే చెప్పి పంపించారు.

పత్రికాఫీసుల రికార్డు గదుల్లో కొత్తగా చేరినవాళ్లు ఈ మధ్య ఒకరిద్దరు నన్ను అడిగారు, ఆ పనిలో ఏముంటుందని. దుమ్ముంటుందని చెప్పాను. అది నిజమే కానీ పూర్తి జవాబు కాదు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో రాయను, అది ఎవరికీ పనికిరాదు. ఆ కాగితం ఎక్కడికి పోయిందో మాత్రం చెబుతాను. మా పని అంతా అందులోనే ఉంది.

లాల్ సాబ్ గది

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మరుసటేడు నేను ఆబిడ్సులో ఒక తెలుగు దినపత్రికలో చేరాను. ముందువైపు ఆఫీసు, వెనక ప్రెస్సు, రెంటికీ మధ్య కిటికీలేని పొడుగాటి గది. అదే రికార్డు గది. దానికి పెద్ద గిరిధర్‌లాల్‌గారు. అందరికీ లాల్ సాబ్. చాదర్‌ఘాట్‌లో తాతల కాలం నుంచీ ఉన్న కుటుంబం. ఉర్దూ పత్రికల్లో పనిచేసి వచ్చినవాడు. తెలుగు మాట్లాడేవాడు కానీ లెక్కలు మాత్రం ఉర్దూలోనే వేసుకునేవాడు. పొద్దున వచ్చి షేర్వానీ విప్పి మేకుకు తగిలించి, పాన్ వేసుకుని, ఆ పాన్ అయిపోయేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఎడిటరు వచ్చినా అంతే.

రోజూ మా పని ఏమిటంటే, రాత్రి డ్యూటీవాళ్లు వాడి వదిలేసిన కాగితమంతా పొద్దునే పోగుచేయడం. ఏ తంతి వార్త ఎప్పుడొచ్చింది, ఏ పేజీ ఎప్పుడు అచ్చుకు దిగింది అని డ్యూటీలో పెద్ద సబ్ ఎడిటరు రాసిన వివరాల కాగితం పైన పెట్టి, మిగతావి కింద పేర్చి, ఎర్రగుడ్డలో చుట్టి, సుతిలితో కట్టి, చీటీ తగిలించేవాళ్లం. రోజుకొక కట్ట. ఆ రాత్రి పత్రిక ఏం చేసిందో తెలియాలంటే ఆ కట్ట ఒక్కటే ఆధారం.

చీటీమీద ఏ తేదీ రాయాలి? ఇది ప్రశ్నలా కూడా కనబడదు. కానీ దినపత్రికలో రోజు మధ్యలో విరుగుతుంది. పదిహేడో తారీకు సాయంత్రం పని మొదలవుతుంది. తంతులమీద పదిహేడు ముద్ర ఉంటుంది. అచ్చయ్యే పత్రికమీద మాత్రం పద్దెనిమిది ఉంటుంది. లాల్ సాబ్ పదిహేడనే రాయించేవాడు. పని చేసిన రాత్రి పేరే కట్ట పేరు. ఆయన పద్ధతి మాకు అలవాటైపోయి, పద్దెనిమిదో తారీకు పత్రిక పట్టుకుని ఎవరైనా వస్తే చెయ్యి దానంతటదే పదిహేడు కట్టమీదికి పోయేది.

ఆయనమీద నాకెంత గౌరవం ఉన్నా ఒకటి చెప్పాలి. చీటీమీద ఉన్నది రాత్రి తేదీ అని ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు. ఆయనకు తెలుసు, మాకు తెలుసు, చాలనుకున్నాడు. గదిలో ఉన్నవాళ్లకు మాత్రమే తెలిసిన పద్ధతి సగం పద్ధతి.

సుబ్బయ్యగారి ఎండాకాలం

కొన్నేళ్లకు బెజవాడ నుంచి కొత్త మేనేజరు వచ్చారు. సుబ్బయ్యగారు. తెల్లటి పంచె, చేతిలో ఎప్పుడూ గొడుగు, ఖైరతాబాదు నుంచి రోజూ నడిచే వచ్చేవారు. ఆయన వచ్చిన నెలలోనే ఒక పెద్దమనిషి పద్దెనిమిదో తారీకు పత్రిక తెచ్చి కట్ట అడిగితే, మావాడు పదిహేడు చీటీ ఉన్న కట్ట ఇచ్చాడు. ఆ పెద్దమనిషి మేము మోసం చేస్తున్నామనుకుని గొడవపడ్డాడు. సుబ్బయ్యగారు గదిలోకి వచ్చారు.

"ఏవండీ లాల్‌గారూ, పేపరుమీద పద్దెనిమిదని ఉంటే కట్టమీద పదిహేడని ఎందుకుందండీ? వచ్చేవాడు పేపరు చూసేగా అడుగుతాడు."

"లోపలోళ్లు రాత్రి చూసి అడుగుతరు సుబ్బయ్యగారూ."

"లోపలివాళ్లు ఎంతమంది, బయటివాళ్లు ఎంతమందండీ?"

నిజానికి అందులో సుబ్బయ్యగారి మాటే సరైనది. అడిగేవాడి నోట్లో ఏ పేరు ఉంటుందో ఆ పేరే ఉండాలి. మే నెల నుంచి కొత్త కట్టలన్నిటికీ పత్రిక తేదీ వేయాలని నిర్ణయమైంది. లాల్ సాబ్ కూడా ఒప్పుకున్నాడు. గొడవంతా పాత కట్టల దగ్గర వచ్చింది. వాటి చీటీలు కూడా కత్తిరించి కొత్తవి కడితే అంతా ఒకే తీరుగా ఉంటుందన్నారు సుబ్బయ్యగారు. ఎండాకాలం సెలవుల్లో కాలేజీ విద్యార్థులను పెట్టి చేయిద్దామన్నారు.

లాల్ సాబ్ పాన్ నములుతూనే మాట్లాడాడు. అలా మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం.

"కట్టకు పేరు పెట్టినంక గది మన ర్యాకులనే ఉంటదా? ఫోటోల ఎనక రాసినం. వకీలు నోటీసులల్ల రాసినం. ఎవరెవరికో పంపిన ఖతులల్ల రాసినం. మన చీటీ మనం మారుస్తం. గవన్ని ఎవరు పోయి మారుస్తరు?"

"అవన్నీ పాతవండీ. ఎల్లకాలం తప్పు పేరుతోనే ఉంటామా?"

"తప్పు పేరు కాదు సుబ్బయ్యగారూ, ఇంకో పేరు."

మేనేజరు మాటే చెల్లింది. విద్యార్థులు వచ్చారు. హుషారైన పిల్లలు. ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్తూ పాత చీటీలు తెంపి, ఒక్కోరోజు ముందుకు జరిపి కొత్తవి కట్టారు. మధ్యలో ఐస్‌ఫ్రూట్లు తిన్నారు, పాటలు పాడారు. జనవరి కట్టల్లో సగానికి వచ్చేసరికి కాలేజీలు తెరిచారు, పిల్లలు వెళ్లిపోయారు. తెంపిన చీటీలు ప్రెస్సులో సీసం కరిగించే పొయ్యికింద పోయాయి.

ఇప్పుడు యాదగిరి వార్త సంగతి. ఫిబ్రవరి పదిహేడు మధ్యాహ్నం ఒక చేనేత సహకార సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. నూలు పంపకం గురించి సభ్యులు నిలదీస్తే అధ్యక్షుడు మధ్యలో లేచి వెళ్లిపోయాడు. యాదగిరి అది రాసి, తన అలవాటు ప్రకారం కాగితం వెనక అక్కడున్న సభ్యులచేత సంతకాలు పెట్టించి, సాయంత్రం బస్సులో హైదరాబాదుకు పంపాడు. మర్నాడు, అంటే పద్దెనిమిదో తారీకు పత్రికలో వచ్చింది. అధ్యక్షుడు అసలు సమావేశమే జరగలేదని, విలేకరి ఇంట్లో కూర్చుని కట్టుకథ అల్లాడని పరువునష్టం కేసు పెట్టాడు. మార్చిలో మా వకీలు జవాబిస్తూ, ఆ రాతప్రతి మా ఫిబ్రవరి పదిహేడు కట్టలో భద్రంగా ఉందని రాశారు. అప్పటికి అది నిజం. మే నెలలో పేరు మారింది. వానాకాలంలో కోర్టు సమను వచ్చింది, మార్చి జవాబులో ఉన్న పేరుతోనే. మా ర్యాకులో పదిహేడు పేరున ఉన్నది తీసుకుని వెళ్లాను. అది అసలు పదహారో తారీకు రాత్రిది; తంతులమీద ముద్ర చూడాలని కోర్టులో నాకు తోచలేదు.

అసలు పదిహేడు కట్ట లేకపోతే మాకు ఆఫీసులోనే తెలిసేది. ఆ పేరుతో వేరే కట్ట ఉండబట్టి తెలియలేదు. పాత పేరు ఖాళీ అయినా నష్టం లేదు. దానిలోకి ఇంకొకటి వచ్చి కూర్చోవడమే ప్రమాదం.

భోజనం వేళ

నాంపల్లి నుంచి స్టేషన్ రోడ్డు మీదుగా ఆబిడ్సుకు వానలోనే వచ్చాం. దారిలో యాదగిరి మాట్లాడుతూనే ఉన్నాడు.

"అన్నా, నేను మీటింగుకు పోయిన. గాడనే కూసున్న. వాళ్లిచ్చిన చాయ్ గూడ తాగిన. గిప్పుడు నేను పోనేలేదంటే ఎట్ల?"

"ఏం ఫికర్ చెయ్యకు, కాగితం ఉంటది."

"ఏడుంటది?"

ఆఫీసు చేరగానే నేరుగా వెనక్కి వెళ్లాం. లాల్ సాబ్ గదిలో టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు. జరిగింది చెప్పగానే, "మార్చిల రాసిన జవాబు గద. పద్దెనిమిదిల సూడు" అన్నాడు. చూశాను. పై నుంచి నాలుగో కాగితం, నీలం సిరా. యాదగిరి దాన్ని ముట్టుకోలేదు. స్టూలుమీద కూర్చుని నీళ్లడిగాడు.

కట్ట చంకలో పెట్టుకుని పరిగెత్తబోయాను. గుమ్మంలో సుబ్బయ్యగారు అడ్డం నిలబడ్డారు. అప్పటికే ఆయనకు ఎవరో చెప్పేశారు. మొహం కాస్త వాడిపోయి ఉంది కానీ బుర్ర చురుగ్గానే ఉంది.

"ఆగవయ్యా నర్సింగరావ్. పొద్దున పదిహేడు చూపించి ఇప్పుడు పద్దెనిమిది చూపిస్తే ఏమనుకుంటారు? చీటీ కొత్తది, సుతిలి కొత్తది. ఇంటికెళ్లి తయారుచేసుకొచ్చామంటారు. ఒక్కటే పట్టుకెళ్తే దొంగల్లా ఉంటాం. నెల మొత్తం పట్టుకెళ్దాం పదండి."

ఫిబ్రవరి అంతా దింపాం. మూడు రిక్షాలు. ఒకదాంట్లో లాల్ సాబ్, ఒకదాంట్లో నేనూ యాదగిరీ, మూడోదాంట్లో సుబ్బయ్యగారు ఒళ్లో కట్టలు పెట్టుకుని, తను తడుస్తూ వాటికి గొడుగు పట్టుకుని. ఒక మేనేజరు తన పొరపాటును అలా మోయడం నేను మళ్లీ చూడలేదు. చాలామంది దాన్ని వేరేవాళ్ల రిక్షాలో పెడతారు.

కోర్టులో అవతలి వకీలు మమ్మల్ని చూసి లేచాడు. "హుజూర్, పొద్దున పదిహేడన్నరు. అన్నం తిని వచ్చేసరికి పద్దెనిమిదయింది. చాయ్ టైముకు పంతొమ్మిదయితదేమో."

మెజిస్ట్రేటుగారికీ నవ్వొచ్చింది. ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించే మనిషి. కట్ట తనే తిరగేశారు.

"తంతులమీద పదిహేడు ముద్ర ఉంది. మొదటి పేజీ ప్రూఫుమీద పద్దెనిమిది ఉంది. దీన్ని మీరేమంటారు?"

"రెండూ అంటం హుజూర్," అన్నాడు లాల్ సాబ్.

"కోర్టులో రెండూ అనకూడదు."

"గదే మా తకలీఫ్ హుజూర్."

అప్పుడు సుబ్బయ్యగారు లేచి, చీటీలు మార్పించింది తానేనని, ఒక్కటి కాదు వరసగా అన్నీ మార్పించానని చెప్పారు. మెజిస్ట్రేటుగారు మిగతా కట్టల వైపు చూసి, తమకు తోచింది ఒకటి తీయమన్నారు. ఐదు అన్నారు. విప్పితే తంతులమీద నాలుగు. ఇరవైమూడు అన్నారు. తంతులమీద ఇరవైరెండు. ఇంకోటి చూసి చాలన్నారు.

"ఒక కాగితం కోసం ఎవరూ నెలంతా జరపరు. తప్పు చేసినా వరసగా చేశారు." అని, రాతప్రతి వెనకవైపు తిప్పి అధ్యక్షుడికి చూపించమన్నారు.

అధ్యక్షుడు సంతకాలు ఒక్కొక్కటే చదివాడు. రెండో సంతకం దగ్గర ఆగిపోయాడు. అది ఆయన బావమరిదిది.

"వీడు గూడ చేసిండా," అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే.

ఆ తరవాత వాయిదాకే కేసు ఉపసంహరించుకున్నారు. యాదగిరి ఉద్యోగం నిలిచింది. ఆ సాయంత్రం నాంపల్లి స్టేషను ఎదురుగా ఇరానీ హోటల్లో సుబ్బయ్యగారు అందరికీ చాయ్ ఇప్పించారు. లాల్ సాబ్ చాయ్ సాసరులో పోసుకుని, "సుబ్బయ్యగారూ, మీ పేరే మంచిది. నా పేరు సంపకుండ్రి, గంతే" అన్నాడు.

"మీ పేరు చంపితే మనకెంత ఖర్చో ఇవాళ చూశాంగా అండీ," అన్నారాయన, పంచె చెంగు పిండుకుంటూ.

రెండు చీటీలు

మర్నాటి నుంచి పద్ధతి మారింది. పత్రిక తేదీ వేసిన చీటీలన్నీ పసుపు రంగువి, తేదీకి ముందు 'పత్రిక' అని రాసి ఉంటుంది. రాత్రి తేదీ ఉన్న పాత తెల్ల చీటీలు ఉన్నచోట ఉన్నట్టే ఉంచి, వాటికింద పసుపువి కట్టాం. విద్యార్థులు చీటీలు తెంపేసిన కట్టలకు మళ్లీ తెల్ల చీటీలు రాసి, అవి తరవాత రాసినవని కింద చిన్నగా వేశాం. ఎవరు ఏ పేరుతో అడిగినా కట్ట దొరకాలి. వట్టి తేదీ చెప్పి అడిగితే మేమే ఎదురు అడగాలి: రాత్రా, పత్రికా? ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగానో, క్యాంటీన్‌లో నాకు అదే పేరు పడింది. ఇడ్లీ అడిగినా "రాత్రిదా, పత్రికదా అన్నా?" అనేవాళ్లు.

మన గదిలో పెట్టిన పేరు గదిలో ఉండదు. అది బయటికి వెళ్లి, మనకు తెలియనివాళ్ల దగ్గర బతుకుతూ ఉంటుంది. కొత్త పేరు పెట్టండి, బాగుంటే తప్పకుండా పెట్టండి. కానీ చూడగానే కొత్తదని తెలిసేలా పెట్టండి. పాత పేరుతో వచ్చినవాణ్ణి వెనక్కి పంపకండి.

విద్యార్థులు జనవరి మధ్యలో ఆపేశారని చెప్పాను కదా. వాళ్లు ఆపిన చోట జరిపిన కట్టలకూ జరపని కట్టలకూ మధ్య ఒక తేదీ పేరుతో కట్టే లేకుండా పోయింది. పని మానిన రోజు కాదు, కాగితం పోనూలేదు, ఆ పేరు మాత్రమే లేదు. పాత కట్టలన్నిటికీ రెండు చీటీలూ కట్టడం పూర్తయ్యేదాకా, వరస చూసే ప్రతి కొత్త ఉద్యోగీ ఒక కట్ట పోయిందని కంగారుగా నా దగ్గరికి వచ్చేవాడు. కంగారుపడి వచ్చినవాడు ఈ పనికి పనికొస్తాడని నేను గుర్తుపెట్టుకునేవాణ్ణి.

ఈ మధ్య మా వీధిలో ఉండే శ్రీధర్‌కు ఇదంతా చెప్పాను. అతనిది కంప్యూటర్ల ఉద్యోగం. మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టాడు.

"అంకుల్, మాకు గూడ గిట్లనే అయింది. మిషన్ రోజంత ఏం చేసిందో తనే ఒక ఫైల్ల రాసుకుంటది. లాగ్ ఫైల్ అంటం. మావోళ్లు ఫైల్ పేరుల తేదీ పెట్టే తీరు మార్చిన్రు. పాత పేరుతోని ఎతుక్కునే ప్రోగ్రాములు కొన్నున్నయి. గవి ఫైల్ లేదనుకొని సప్పుడు చెయ్యకుంట ఊకున్నయి. శాన దినాలు ఎవ్వరికి తెల్వలె."

"మరేం చేశారు?"

"పాత పేరు మళ్ల పెట్టినం. గది ఉత్తగ కొత్త ఫైల్ దిక్కు చూపిస్తది. ఏ పేరుతోని అడిగినా దొరుకుతది."

"మేం సుతిలితో కట్టాం," అన్నాను.

వాళ్ల ప్రోగ్రాములు చప్పుడు చేయకుండా ఊరుకున్నాయన్న మాట నాకు గుర్తుండిపోయింది. మాకు కనీసం వకీలు నవ్వాడు.

ఆ రోజు కోర్టులో చివరన ఇంకొకటి జరిగింది. రాతప్రతి ఒక్కటే ఉంచుకుని మిగతా కట్ట మాకు ఇచ్చేయబోతుంటే అవతలి వకీలు లేచి, ఆఫీసుకు పోతే వీళ్లు మళ్లీ పేరు మారుస్తారు, కట్ట మొత్తం కోర్టులోనే ఉండాలన్నాడు. మెజిస్ట్రేటుగారు సరేనన్నారు. కేసు ముగిశాక తిరిగి ఇమ్మని దరఖాస్తు పెట్టాం. ఫిబ్రవరి పదిహేడు అని రాస్తే కోర్టు గుమాస్తాలు అలాంటిది లేదన్నారు. పద్దెనిమిది అని రాస్తే అదీ లేదన్నారు. రెండూ రాసి పెడితే, ఏదో ఒకటి స్పష్టంగా రాయమన్నారు. మాకిచ్చిన రసీదులో 'ఎర్రగుడ్డ కట్ట ఒకటి' అని మాత్రమే ఉంది. యాదగిరి రిటైరైన రోజున పూలదండ పక్కన పెట్టి నన్నడిగింది ఆ నీలం సిరా కాగితమే. ఇవ్వలేకపోయాం. కోర్టు రికార్డు గదిలో ఆ కట్టను ఏ పేరుతో పెట్టారో ఇప్పటికీ తేలలేదు.